చెప్పకూడదక్కా అన్నాను

లా ఆఖరి సంవత్సరంలో మా మేడం నాకు ఒక పరిశోధనలో చేరే అవకాశం ఇప్పించింది. భార్యాభర్తల తగాదాల్లో ఆసియా దేశాల కోర్టులు రాజీ ఎలా కుదురుస్తున్నాయి, మన చట్టంలో ఏం మార్చాలి అన్నది విషయం. జపాన్ గురించి చదవడం, కర్నూలు కోర్టుకు వచ్చేవాళ్లతో మాట్లాడడం నా వంతు. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పనని ముందే మాటివ్వాలి.

నందికొట్కూరు నుంచి ఒక జంట వచ్చేది. ఆయన బోరు మోటార్లు రిపేరు చేస్తాడు, ఆమె ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరూ ఇష్టపడే విడాకులు అడిగారు. ఆరోజు చివరి వాయిదా. ముందు ఆయన్ని టీకొట్టు దగ్గర కలిశాను.

“నాకేం ఇష్టం పాపా? పిల్చుకొని పోదామనే ఉండాది. రానంటే నలుగుర్లో నా మొగం యాడ పెట్టుకోవల్ల?” అన్నాడు. టీ చల్లారిపోయినా తాగలేదు.

తర్వాత వరండాలో ఆమె దగ్గర కూర్చున్నాను.

“ఒక్కసారొచ్చి పోదాం పా అంటే పోతా. ఆ మాటే రాదు ఆ మనిషి నోట్లోంచి” అంది. గొంతు తగ్గించి, “ఆయనతో మాట్లాడినావంట గదా. ఏమన్న్యాడు?” అని అడిగింది.

“చెప్పకూడదక్కా” అన్నాను.

“చెప్పకూడనంత మాటన్న్యాడా?”

కాదక్కా అని కూడా అనలేకపోయాను. కాదంటే సగం చెప్పేసినట్టే అనిపించింది. అంతలో బంట్రోతు పిలిచాడు. లోపల జడ్జి అడిగితే విడాకులకు ముందు ఆమే సమ్మతమంది. ఆయన ఆమెవైపు కాసేపు చూసి తలూపాడు.

జపాన్‌లో మధ్యవర్తులు ఇద్దరినీ విడివిడిగా విని, ఒకరి మాట ఇంకొకరికి చేరవేస్తారు. మన కోర్టుల్లో ఇద్దరూ ఇష్టపడి విడాకులు అడిగినా అలాంటివాళ్లు తప్పక ఉండాలని నివేదికలో రాశాను. మేడం ఆ భాగాన్ని మెచ్చుకుంది. ఇచ్చిన మాట తప్పలేదని కూడా మెచ్చుకుంది.

మొన్న కల్లూరు పోయే షేర్ ఆటోలో ఆ టీచరక్క కనిపించింది. జరిగి చోటిచ్చింది.

“లాయరైనావా పాపా?”

“అయినానక్కా.”

“ఆ మనిషికి మళ్లీ పెండ్లయింది లే” అంది, నేను అడగకుండానే. “ఆపొద్దు నువ్వు చెప్పకపోవడమే మేలైంది. వినింటే ఇంగా శానా బాధపడేదాన్ని.”

నా చెయ్యి పట్టుకుని ఉంది. ఇప్పుడు నిజం చెబితే ఆమెకేం మిగులుతుంది? నేను దిగాల్సిన చోటు ఇంకా రాకముందే ఆటో ఆపించి దిగిపోయాను.