సోమేశ్వర్ సేటు రోగాలు

బయ్యారంలో కిరాణా కొట్టు నడిపే సోమేశ్వర్ సేటుకు రాని జబ్బు లేదు. వచ్చిన ప్రతి జబ్బూ ఫోన్లో నాకే చెప్పేవాడు. అక్కడ రెండేళ్లు డాక్టరుగా పనిచేసి జనగామకు బదిలీ అయినప్పుడు, మర్యాదకు నా సెల్ నంబరు ఇచ్చి వచ్చాను. అదే నేను చేసిన పొరపాటు.

పొద్దున్నే, "డాక్టర్ బిడ్డా, నాకు మోకాలు గుంజుతుంది." పగలు, "నాకు ఒంటి నిండ గజ్జి లేసింది." నేను బస్సులో నిలబడ్డా, అన్నం ముందు కూర్చున్నా ఫోన్ మోగాల్సిందే.

ఒకసారి ఒళ్లు మండిపోయింది. "ఒక్క మనిషికి వారంల మూడుసార్లు మలేరియా ఎట్లొస్తది సేటూ?"

"నా ఒళ్లే గంత బిడ్డా. ఏం చెయ్యాల్నో జర చెప్పు."

చెప్పింది మాత్రం తు.చ. తప్పకుండా చేసేవాడు. తగ్గాక మళ్లీ ఫోన్ చేసి సంబరపడేవాడు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలు దాటడం లేదు. సేటు ఫోన్ మాత్రం ఆగలేదు.

"బిడ్డా, నాకు తలకాయ పలుగుతుంది. కండ్లు మసకలు. కాళ్లు, మొకం ఉబ్బినయి."

"బీపీ సేటూ. ఉప్పు తగ్గియ్యండి."

"కడుపుల కదులుడు గూడ తగ్గింది."

"గ్యాసు."

"గ్యాసు గాదు బిడ్డా. నిన్న తన్నింది. ఇయ్యాల తన్నుతలేదు."

నేను కుర్చీలోంచి లేచాను. "సేటూ, మీకు ఎన్నో నెల?"



"ఎనిమిది," అన్నాడు సిగ్గుపడుతూ.

"ఎవరామె?"

"చెప్ప. ఒట్టేసిన."

"మీ ఒట్టుకు తల్లీబిడ్డా ఇద్దరు పోతరు!"

ఫోన్ చేతులు మారింది. ఆమె మంగ్లీ, తండా నుంచి సరుకులకొచ్చింది. దవాఖానకు తోలుకపోయి కడుపు కోస్తారని ఆమెకు భయం. అందుకే ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది.

"కోసినా నొప్పి తెల్వకుండ సూది ఇస్తరు మంగ్లీ. నేను ఫోన్లనే ఉంట," అన్నాను.

అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. సేటు తన ట్రాలీ ఆటోలో పప్పు బస్తాలు దింపేసి, ఆమెను పడుకోబెట్టి మానుకోట పెద్ద దవాఖానకు బయల్దేరాడు. ఒక చెవికి వాళ్లు, ఇంకో చెవికి మానుకోట డాక్టర్లు. జనగామ దవాఖాన వరండాలో నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు.

"బిడ్డా, ఆగినం."

"ఎందుకు?"

"రోడ్డు మీద సమ్మె చేసేటోళ్ల వంటావార్పు. పెద్ద గుండిగల అన్నం ఉడుకుతుంది."

"జరపమనండి!"

అంతలో ఎవరో అడగడం వినిపించింది. "ఎవలకేమైంది సేటూ?"

"నాకే! కాన్పు!" అని అరిచాడు సేటు, అలవాటు కొద్దీ.

నవ్వులు వినిపించాయి. ట్రాలీలోకి తొంగి చూశారేమో, నవ్వులు ఆగిపోయాయి. "పట్టుండ్రి, గుండిగ పట్టుండ్రి!" మసులుతున్న అన్నాన్ని పదిమంది పక్కకు మోశారు.

మానుకోటలో అంతా సిద్ధంగా ఉంది. ఆపరేషన్ చేశారు. చిన్న ఆడపిల్ల, గట్టి ఏడుపు. మంగ్లీ బీపీ కూడా దిగింది. అప్పుడు ఫోన్లో సేటును అడిగాను.

"సేటూ, ఇన్నేండ్ల సంది చెప్పిన జబ్బులన్ని ఎవలియి?"

"నలుగురియి బిడ్డా. కొట్టు కాడ చెవుల చెప్పి, ఎవ్వలికి చెప్పకు అంటరు. మాట తప్పద్దు గదా?"

విసుక్కున్న ఫోన్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. "మరి మీ ఒంట్ల ఎట్లుంది?" అని మొదటిసారి అడిగాను.

"నాకేంది! పుట్టి బుద్ధెరిగినంక జలుబు గూడ రాలె," అన్నాడు, అదేదో తన తప్పయినట్టు.