ఏటవాలు నేల కోసం

మా కోనసీమలో రాయి పుట్టదు. రుబ్బురోలు కావాలన్నా, బట్టలుతికే బండ కావాలన్నా ఏరు దాటి లారీ మీద రావలసిందే. నేలంతా గోదావరి తెచ్చి పరిచిన ఒండ్రు. మాకు ఎత్తంటే కొబ్బరిచెట్టు, పల్లమంటే చేలకి నీరు పారే పంటబోదె. ఈ రెండింటి మధ్యా ముప్ఫై ఏళ్ళకు పైగా సుఖంగా బతికినదాన్ని, ఒక వానాకాలం పొద్దున రేవులో జారి చీలమండ విరగ్గొట్టుకున్నాను.

తొంభైల చివరి మాట. అప్పుడు నేను గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక బళ్ళో టీచర్ని. అమలాపురంలో బస్సెక్కి ఏటిగట్టు దగ్గర దిగి, గట్టు దాటి, నీటిదాకా దిగి నావ ఎక్కాలి. అక్కడ మెట్లంటూ లేవు. వరద ఏటేటా ఒడ్డుని ఒక్కో రకంగా కోసి నిలువుగా నిలబెడుతుంది. నావవాళ్ళు పారతో చెక్కిన అడుగులే దారి. వాన పడిన రోజున ఆ అడుగులు సబ్బు రాసినట్టుంటాయి. వాటి మీదనుంచే పడ్డాను.

కాకినాడలో కాలికి రేకు వేసి మరలు బిగించారు. కొన్నాళ్ళకి చూపించుకోడానికి వెళితే డాక్టరుగారు సంతోషంగా, ఎముక బాగా అతుక్కుందనీ, అయితే కాలు ఏటవాలుని మరిచిపోయిందనీ, సమంగా ఉన్న నేల మీద ఎంత నడిచినా లాభం లేదనీ, ఎక్కుతూ దిగుతూ నడవాలనీ చెప్పారు. ఆయనది ఏ కొండల పక్క ఊరో అయ్యుండాలి. కోనసీమలో ఏటవాలు ఎక్కడ తెచ్చుకోను?

ఉన్నదల్లా కాలవ వంతెన. చేతికర్ర పట్టుకుని రోజూ సాయంత్రం దానిమీదికి ఎక్కి దిగడం మొదలుపెట్టాను. మావాళ్ళ మర్యాద సంగతి తెలిసిందే కదా, నడవనిస్తేనా? ఒకాయన స్కూటరాపి ఎక్కమంటాడు. ఇంకొకావిడ చేతిసంచీ లాక్కుంటుంది. మూడోసారి ఎక్కుతూ కనబడితే, ఏమైనా పారేసుకున్నారాండీ అని టీకొట్టాయన కూడా వచ్చి నేలంతా వెతకడం. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. వారం తిరక్కుండా మానేశాను.

ఈలోగా ఇంటా బయటా అందరిదీ ఒకటే పాట, బదిలీ పెట్టుకోమని. అవిటికాలితో రేవు దాటడమేమిటి, రోడ్డు పక్క బడి చూసుకోమని. మావారైతే అర్జీ కూడా రాసి ఉంచారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నేను వెళ్ళకముందు ఆ లంక బడికి ఏ టీచరూ ఏడాదికి మించి నిలవలేదు. పిల్లలు కొత్త టీచరు పేరు నేర్చుకోడానికే బద్ధకించేవాళ్ళు. నన్ను మాత్రం మా టీచరుగారు అనడం మొదలెట్టి రెండేళ్ళయింది. ఆ మాట వదులుకోవడం నా వల్ల కాదు. జూన్‌లో బడి తెరిచేసరికి ఒడ్డు దిగగలిగితే ఆ బడి నాది, లేకపోతే లేదు. అదీ లెక్క. ధైర్యం చేసి ఒకరోజు రేవుదాకా వెళ్ళాను కూడా. గట్టు దాటి కిందికి చూడగానే మోకాళ్ళు వణికాయి. అలాగే వెనక్కి తిరిగి బస్సెక్కేశాను.

అప్పుడు భీమిలి నుంచి మా వదినగారు ఫోన్ చేశారు. ఆవిడ మావారి అక్కగారు. భర్త ఉద్యోగం వల్ల అక్కడ కాపురం. విషయమంతా విని, "మా ఊళ్ళో కొండలు ఊరికే పడున్నాయి, వేసవి సెలవలకి వచ్చి తొక్కు" అన్నారు, ఏదో వాళ్ళ పెరట్లో ఉన్నట్టు.

వెళ్ళాక తెలిసింది, నాలుగేళ్ళుగా అక్కడున్నా ఆవిడ ఏ కొండా ఎక్కలేదని. ఎందుకని అడిగితే, పైన మనకేం చేలున్నాయే అన్నారు. అయినా మర్నాడు తెల్లవారుతూనే చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని నాకంటే ముందు తయారు. మా వైపు గట్ల మీద ఎలా నడుస్తామో అలాగే నడిపించారు. పక్కపక్కన కాదు, ఒకరి వెనక ఒకరం. పెద్దవాళ్ళు ముందు. చెప్పులు చేతిలో. బురదలో చెప్పు దిగబడుతుందని మాకు పుట్టుకతో వచ్చిన అలవాటది. బండ మీద బురద ఉండదన్న సంగతి ఎండెక్కాక గానీ మా ఇద్దరికీ తోచలేదు. అరికాళ్ళు చుర్రుమంటుంటే ఒంటికాలి మీద గెంతుతూ చెప్పులు తొడుక్కున్నాం.

చిన్న చిన్న నడకలే అవి. పొద్దున్నే ఆటోలో వెళ్ళి, గంటో రెండు గంటలో తిరిగి, భోజనాలవేళకి ఇంటికి. మొదట తొట్లకొండ. పైన పాత ఇటుక గోడలు, కింద సముద్రం. అంత ఎత్తునుంచి సముద్రాన్ని చూడడం నాకదే మొదలు. మా కోనసీమ ఓడలరేవులో చూస్తే సముద్రం మనతో సమానంగా ఎదురుగా ఉంటుంది. ఇక్కడ కాళ్ళ కింద పరిచి ఉంది. తరవాత మంగమారిపేట దగ్గర అలలు తొలిచేసిన రాతి ద్వారం. ఆటు సమయంలో దాని దాకా రాళ్ళ మీదుగా నడిచి వెళ్ళొచ్చు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ రాయి పూతరేకుల దొంతరలా పొరలు పొరలుగా ఉంది. వదినగారు వేలితో గీరి చూసి, ఇది కూడా ఒండ్రేనేమోనే, మరీ పాతదేమో అన్నారు. ఇప్పటికీ నాకు ఆ మాట నచ్చుతుంది.

రోజులు గడిచేకొద్దీ కాలికి తెలివి వచ్చింది. ఎక్కేటప్పుడు పాదం అడ్డంగా వెయ్యడం, దిగేటప్పుడు మడమ నొక్కిపెట్టడం దానంతటది నేర్చుకుంది. కానీ అంచు దగ్గరికి వెళ్ళి కిందికి చూస్తే మాత్రం అదే వణుకు. వదినగారికి చెబితే, ఆవిడ అంచు మీద నిలబడి చెయ్యి ఊపి చూపించేవారు, ఏమవుతుందో చూడు అన్నట్టు. ఆవిడ ధైర్యం చూస్తే నాకు ముచ్చటా వేసేది, ఉక్రోషమూ వచ్చేది.

ఆఖరున ఎర్రమట్టి దిబ్బలకి వెళ్ళాం. సముద్రం ఒడ్డున అంత ఎర్రటి ఇసక అలా గట్టిపడి ఎలా నిలబడిందో గానీ, వానలు దాన్ని కోసి కోసి లోయలు చేశాయి. కింద ఇరుకైన దారులు, అటూ ఇటూ నిలువు గోడలు, గోడల పైన ఎద్దు వీపుల్లా సన్నటి మిట్టలు. ఊరివాళ్ళెవరైనా కింది దారినే నడుస్తారు. మా వదినగారికి మాత్రం పైన సన్నగా సాగిన ఆ వీపు చూడగానే పుట్టింటి పొలంగట్టు కనిపించింది. గుంటలో ఏ పురుగూ పుట్రా ఉంటాయో, మనం గట్టు మీదే పోదామన్నారు. నా కాలికి అది కుదరదన్నాను. అయితే నువ్వు కింద రా, నేను పైన వస్తానని ఎక్కేశారు.

మా గట్లు జిగటమట్టి. ఏళ్ళ తరబడి కాళ్ళు తొక్కితే రాయిలా బిగుస్తాయి. అంచు మీద నడిచినా విరగవు. ఇది ఇసక. ఆ తేడా మా ఇద్దరికీ తట్టలేదు. కోనసీమలో పుట్టినవాళ్ళకి తప్ప ఇంకొకరికి రాని పొరపాటు అది. కొంతదూరం ధీమాగా నడిచారు. పైనుంచి నాకు కబుర్లు చెబుతున్నారు. ఉన్నట్టుండి ఆవిడ అడుగు కింద పెళ్ళ విరిగి నా ముందు పడింది. తలెత్తి చూస్తే వదినగారు చతికిలబడి, రెండు చేతులా నేలని పట్టుకుని ఉన్నారు.

దెబ్బలేమీ తగల్లేదు. కానీ కదలడం లేదు. వెనక్కి జరగమన్నాను. తల అడ్డంగా ఊపారు. అంతవరకూ నేనెప్పుడూ వినని గొంతుతో, "నావల్ల కాదే. కళ్ళు తిరుగుతున్నాయి. నువ్వు రా" అన్నారు.

చుట్టుపక్కల మనిషి జాడ లేదు. కేకేశాను, ఎవరూ పలకలేదు. చేతికర్ర ఇసకలో సగానికి దిగబడుతుంటే దాన్ని అక్కడే వదిలేశాను. గోడ కాస్త వాలుగా ఉన్నచోటు చూసుకుని ఎక్కాను. పాదం అడ్డంగా, మోచేతులు ఆనించి, రెండడుగులు ఎక్కితే ఒకడుగు జారుతూ. నాకు భయం వెయ్యలేదని చెప్పను. వేసింది. కాకపోతే ఆ భయం నా కాలి గురించి కాదు, ఆవిడ గురించి. నా పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన కొత్తలో, ఎవరేమంటారోనని బిక్కచచ్చి ఉంటే, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన మనిషి ఆవిడ. ఆవిడ అలా మట్టిని పట్టుకుని వణుకుతుంటే చూడలేకపోయాను.

వెనకనుంచి వెళ్ళి నడుం పట్టుకున్నాను. కళ్ళు మూసుకోమన్నాను. కూర్చున్నపళంగా అంగుళం అంగుళం వెనక్కి జరిగాం. వాలు దగ్గరికి వచ్చాక నేను ముందు దిగి, ఆవిడ పాదాలు ఒక్కొక్కటీ పట్టుకుని ఎక్కడ ఆనించాలో అక్కడ ఆనించాను. కిందికి వచ్చాక ఇద్దరం ఎర్రగా మట్టికొట్టుకుపోయి అక్కడే కూలబడ్డాం. ఆవిడ ఏడిచారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ తరవాత భీమిలిలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ మళ్ళీ ఏ అంచు దగ్గరికీ రాలేదు. మేడమెట్లు దిగినా గోడ పట్టుకునే దిగేవారు. నా వణుకు తీసుకుని తన దగ్గర పెట్టుకున్నారా అనిపించేది.

జూన్‌లో బడి తెరిచే ముందురోజు చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చేశారు. మర్నాడు నాతో బస్సెక్కారు. ఏటిగట్టు దాటాం. కొత్తనీరు ఇంకా రాలేదు, ఒడ్డు ఎత్తుగా నిలబడి ఉంది. వదినగారు అంచుకి ఆమడ దూరంలో ఆగిపోయారు. వెళ్ళు వెళ్ళు అని చేత్తో సైగ చేశారు.

దిగాను. అడుగు తరవాత అడుగు. కింద నీళ్ళు కనిపించాయి, మోకాళ్ళు ఊరుకున్నాయి. నావ పట్టుకుని పైకి చూస్తే, ఒడ్డు అడ్డంవల్ల ఆవిడ కనబడలేదు. ఆవిడకీ నేను కనబడడం లేదన్నమాట. అంతలో రేవుకొచ్చిన ఇద్దరాడవాళ్ళ చేతులు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మా వదినగారు ఆ నిలువు ఒడ్డు దిగుతున్నారు. నీటిదాకా వచ్చాక కళ్ళు తెరిచి, ఒగురుస్తూ, "నువ్వు నావెక్కడం చూడొద్దూ?" అన్నారు.

తిరిగి ఒడ్డెక్కే ధైర్యం లేక నాతోపాటే లంకకి వచ్చేశారు. రోజంతా బడి వరండాలో కూర్చుని పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ, మీ టీచరుగారు కోప్పడతారా అని ఆరా తీశారు. వాళ్ళు ఆయ్ అంటే, బాగా కోప్పడాలి అన్నారు. సాయంత్రం నేనే చెయ్యి పట్టుకుని ఒడ్డెక్కించాను. పైకి వచ్చాక కాసేపు ఊపిరి తీసుకుని, రోజూ ఇలాగే దిగాలిటే అని అడిగారు. ఆయ్, రోజూనండి అన్నాను.

"అయితే నేను రేప్పొద్దున్న బస్సుకి వెళ్ళిపోతానే. ఇంక నాకిక్కడ పనేం లేదు" అన్నారు.

నేను వద్దనలేదు. మర్నాడు ఆవిడ భీమిలి బస్సెక్కేవేళకి నేను అవతలి ఒడ్డున హాజరు పిలుస్తున్నాను.