పదకొండు తిప్పులు

సుగుణ మేడం ఇక లేరన్న మాట నాకు మొదట తెచ్చింది పక్కింటి యాదమ్మ. అప్పుడు నేను చల్లారిన జొన్న అంబలిలో గంటె దించుతున్నాను. పొద్దుటి నుంచి కదలక అది బిగుసుకుంది. నాలుగు తిప్పులకు వదులై, జొన్న వాసన మళ్లీ లేచింది. కన్నీళ్లు అప్పుడు వచ్చాయి.

మేళ్లచెరువులో సిమెంటు పనికి కల్వకుర్తి నుంచి ఇంజనీరుగా వచ్చి, ఆమె మా ముందుగదిలో కిరాయికి దిగారు. ఒక కంప్యూటర్, బల్ల మీద గాజు జాడీల్లో సిమెంటు పాలు. నీళ్లలో పలచగా కలిపిన సిమెంటును పనివాళ్లు అట్లాగే అంటారు. పంపు ఆగితే ఆ పాలు పైపులో గట్టిపడతాయి. అట్లాంటి పైపు ఊడదీయబోయి ఒక కూలీ రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. పంపు ఎంతసేపు ఆగవచ్చో కంప్యూటర్‌లో ముందే చూడాలని మేడం పట్టుదల. ఆగితే చిక్కబడటం లెక్కకు వచ్చింది గాని, కదిలిస్తే పలచబడటం మాత్రం లెక్కతో కలవడం లేదు.

నేను బడికి పోలేదు. నాయిన ఇంట్లోనే చదువు చెప్పాడు. నా చేతిరాత చూసి, జాడీలు ఎట్లా ఉన్నాయో గంటగంటకు రాసే పని మేడం ఇచ్చారు. ముట్టుకోవద్దన్నది ఒక్కటే షరతు. ఒక మధ్యాహ్నం ఒక జాడీలో పాలు బిగుసుకోవడం చూసి, పాడైందనుకుని చెంచాతో తిప్పేశాను. ఎవరూ చూడలేదు. చెప్పకుంటే నా పని పోయేది కాదు. కానీ తప్పుడు లెక్క ఎవరి వేళ్ల మీదికి పోతుందోనని, సాయంత్రం దేవుడి ముందు దీపం వెలిగించలేకపోయాను. వెళ్లి చెప్పేశాను.

మేడం ఆ జాడీని చేతిలోకి తీసుకుని చూశారు. "ఎన్నిసార్లు తిప్పినవక్కా?"

"పదకొండు, మేడం."

"గంత పక్కాగ ఎట్ల చెప్తున్నవ్?"

"ఏం తిప్పినా రామా అనుకుంటనే తిప్పుత. పదకొండుకు ఆపుత. నాయిన నేర్పిండు."

ఆమె నవ్వారు. "నా గడియారం కంటె నీ రాముడే నయమున్నడు. రేపు మళ్ల గట్లనే తిప్పు. జర ఆయన్ను ఉరికించకు."

వారం రోజులు తిప్పాను. ఒక్కో తిప్పుకూ పాలు ఎంత పలచబడ్డాయో ఆమె ఒక అంకె వేసుకున్నారు. తరువాత ఒకరోజు తెరమీద పైపు చూపించారు. బిగుసుకున్న చోట ఎరుపు, పారేచోట నీలం. పంపు మళ్లీ నడవగానే నీలం గోడల వెంబడి పుట్టి, మెల్లగా నడుమకు పాకింది. నా జాడీలో జరిగినదే అక్కడా జరుగుతుంటే, నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

"గీ పాలు యాది పెట్టుకుంటయక్కా," అన్నారు మేడం. "ఎంతసేపు ఊకున్నయో, ఎంత తిప్పిన్రో, అంతా."

పంపు ఎంతసేపటికి మించి ఆపకూడదో పైపుల దగ్గర బోర్డు మీద రాయించారు. ఆ తరువాత అక్కడ ఎవరి వేళ్లూ పోలేదు. ఎందుకు ముట్టుకున్నావని మాత్రం ఆమె నన్ను ఎన్నడూ అడగలేదు.

గంటె పట్టుకుంటే ఇప్పటికీ నాకు పదకొండే. మీ ఇంట్లో చల్లారిన అంబలి కలిపేటప్పుడు, అది చేతికింద వదులయ్యే ఆ కాస్త సేపు, కల్వకుర్తి బిడ్డ సుగుణను తలుచుకోండి.