యెహెజ్కేలు సాక్ష్యం

మా పేట చర్చిలో సాక్ష్యానికి రేటింగు ఉంటుంది. ఎవరూ ఒప్పుకోరుగానీ, డిగ్రీ మధ్యలో మానేసి అక్కడ కీబోర్డు వాయించే నాకు అంతా కనిపిస్తుంది. పాపం పెద్దదైతే స్తోత్రాలు మోగిపోతాయి. చిన్నదైతే జనం ఫోన్లు తీస్తారు.

యెహెజ్కేలుకి పదిహేడేళ్లు. తొమ్మిదో తరగతిలో కాలవ వంతెన కింద పెద్ద కుర్రాళ్లతో చేరి పంక్చర్ సొల్యూషన్ పీల్చడం మరిగాడు. మత్తు కోసమే దొంగయ్యాడని పెద్దలంటారు. వాడు నాతో అన్నది వేరు: "గోడ చూస్తే భయమేసేదన్నా. పీలిస్తే ఆ గోడ పొట్టిదైపోయేది." అలా ఓ గోడ దూకి, బైకుతో దొరికిపోయాడు. చలికాలమంతా రాజమండ్రిలో పిల్లల హోములో ఉండి కిందటివారమే వచ్చాడు. ఇంకొక్క కేసు పడితే మళ్లీ అక్కడికే.

ఆదివారం పాస్టరుగారు మైకిచ్చారు. వాడు బైకు సంగతి చెప్పాడు. జనం ఫోన్లు తీశారు. ముందువారమే ఆటో జయపాల్ తన తాగుడు చెప్పి అందర్నీ ఏడిపించేశాడు మరి. మావాడు కంగారుపడి, "శ్రీనివాసరాజుగారి రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్లు కూడా నేనే ఎత్తుకెళ్లానండి!" అనేశాడు.

"స్తోత్రం!" అని చర్చంతా అదిరింది.

చర్చి మేడ మీద లౌడ్‌స్పీకరు చెరువు గట్టుదాకా వినిపిస్తుందని ఎవడికీ గుర్తులేదు. పాట అవకముందే రాజుగారు బుల్లెట్ మీద దిగిపోయారు.

"ఏరా, పోయిన నెల నా ఏరియేటర్లు పట్టుకుపోయింది నువ్వా?"

వాళ్లమ్మ జ్ఞానమ్మ లేచింది. "పోయిన నెల వీడు హోములో ఉన్నాడండి. అక్కణ్నించి ఈదుకుంటా వచ్చాడా మీ చెరువులోకి?"

"మరెందుకు చెప్పాడు?"

"ఉన్నది చెప్తే ఎవరూ స్తోత్రం అనలేదండి," అన్నాడు వాడు.

"అయితే ఆ దొంగలకి దారి చెప్పింది నువ్వే అయ్యుంటావు. నిజంగా ఏమేం ఎత్తావో కక్కు, లేకపోతే ఎస్సైగారికి ఫోన్ కొడతా."

వాడు వాళ్లమ్మ వైపు చూశాడు.

"బైకు. ఇంకా... జయపాల్ బాబాయ్ ఆటో బేటరీ."

ఈసారి స్తోత్రం లేదు. జయపాల్ ఎగిరి లేచాడు. "ఒరే! అది మా బామ్మర్దే తీశాడని కదరా నేను వాడితో మాటలు మానేసింది!"

రాజుగారికి నవ్వాగలేదు. ఫోను జేబులో పెట్టేశారు. "ఇది నీ కేసు జయపాలూ. పెడతావా?"

జయపాల్ తల గోక్కున్నాడు. జ్ఞానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"కేసెందుకండి. దాని బదులు నేను కొన్న సెకండ్‌హ్యాండ్ బేటరీతో రోజూ తోస్తేగానీ బండి కదలట్లేదు. రేపట్నించి ఈడే తోస్తాడు."

ఇప్పుడు పొద్దున్నే యెహెజ్కేలు ఆటో తోస్తుంటాడు. జయపాల్‌తో మళ్లీ మాట కలిసిన ఆ బామ్మర్ది మాత్రం వెనక సీట్లోంచి దిగడు.