మంజుల కొట్టిన రొట్టె

శంషాబాద్‌లో క్యాబ్ డ్రైవర్లు బండ్లు ఆపుకునే చోట జొన్నరొట్టెలంటే మంజులవే. పిండిముద్దను పీట మీద పెట్టి అరచేత్తో టపటపా కొడితే రొట్టె గుండ్రంగా తిరుగుతూ పెద్దదయ్యేది. అట్లాంటి మనిషి నిరుడు స్కూటీ మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఆరు వారాలకు ఎముక అతికింది, కట్టు విప్పారు. నొప్పి మాత్రం పోలేదు సరికదా, మంటగా మారింది. చేయి ఉబ్బి ఎర్రబడింది. చీరకొంగు రాసుకున్నా ప్రాణం పోయినంత పనయ్యేది. "గాలి తగలనియ్యకు బిడ్డా, కదిలియ్యకు" అంటూ అత్త లింగమ్మ దూది పెట్టి, పాత చీర ముక్క చుట్టి, చేయిని మెడకు వేలాడదీసింది. పాపం, ప్రేమే! ఆ ప్రేమతోనే నాలుగు నెలల్లో వేళ్లు కొయ్యబారాయి. "ఎముక అతికినంక నొప్పేంది, అంత నకరాలు" అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల నోరు పడిపోను! ఇక తన పొయ్యి ఆరిపోయినట్టేనని మంజుల కుమిలి కుమిలి ఏడ్చింది.

చివరికి రాజేంద్రనగర్‌లోని ఒక దవాఖానకు పోయింది. డాక్టరు మందులు రాశాడు. కసరత్తులు చేయించే మాధవీలత ఆ గుడ్డ విప్పేసింది.

"నీ నొప్పి అబద్ధం కాదక్కా. ఎముక మంచిగయ్యింది గని, నరాలు ఇంకా భయపడుతున్నయ్. చెయ్యి దాచినకొద్దీ ఎక్కువ భయపడ్తయ్."

అద్దం నిలబెట్టి, కుడిచేయి దాని వెనక ఉంచి, ఎడమచేయి ఆడిస్తూ అద్దంలో చూడమంది. కుడిచేయే హాయిగా ఆడుతున్నట్టు కనిపించింది. అలా చూస్తుంటే నరాల భయం తగ్గుతుందని మాధవీలత చెప్పింది. "గిదేం వైద్యమే, అద్దంల చూస్తే చెయ్యి మంచిగైతదా?" అని లింగమ్మ దెప్పింది. మంజుల మానలేదు.

"నువ్వేం పని చేస్తుంటివక్కా?" అని ఒకరోజు మాధవీలత అడిగింది.

"రొట్టెలు కొడ్తుంటి."

"ఇగ అదే నీకు మందు. ఫస్టు పొడిపిండిల చెయ్యి పెట్టు. అలవాటైనంక ముద్ద మీద మెల్లగ తట్టు."

పిండి తగలగానే అబ్బా అని అరిచింది. ఆ రోజు రెండు నిమిషాలు, మర్నాడు మూడు. ఏడుస్తూనే పిసికింది. వారాలు గడిచాక కొట్టిన మొదటి రొట్టె ఎంత వంకరగా వచ్చిందంటే, బర్రె కూడా మొహం తిప్పుకునేది. అత్తాకోడళ్లిద్దరూ పడీపడీ నవ్వారు.

మూడు నెలలకు మళ్లీ పొయ్యి వెలిగింది. డ్రైవర్లంతా మూగారు.

"పరేషాన్ గాకు అక్కా, అప్పడాల కర్రతోటి ఒత్తు. మేమేమనుకోం" అన్నాడు జగన్ అనే డ్రైవరు జాలిగా.

మంజులకు ఒళ్లు మండింది. "ఒత్తితే అది చపాతీ అయితది తమ్మీ. జర జరుగు!"

టప్. టప్. టపటపటప. అరచేతి కింద రొట్టె గిర్రున తిరిగింది. డ్రైవర్లు ఈలలేశారు. లింగమ్మ కళ్లు తుడుచుకుంది.

"నొప్పి మొత్తం పోయిందా అక్కా?" అని జగన్ అడిగాడు.

"ఏడ పోయింది, జరంత ఉన్నది. ఉంటే ఉండనీ" అంది మంజుల, రొట్టెను పెనం మీద వేస్తూ. "చెయ్యి నాది, నొప్పిది గాదు."