బాలస్వామి మేపిన మొదటి కప్ప

మా రేపల్లెలో కప్పల గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా మా పక్కింటి బాలస్వామి దగ్గరికే వస్తారు. ఏడాదికి ఒకరైనా వస్తారా అంటే అనుమానమే, కానీ వస్తే మాత్రం అక్కడికే.

బాపట్లలో ఒక కాలేజీ జువాలజీ లేబులో ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు అటెండరుగా చేశాడు. విద్యార్థులు కోయడానికి కప్పల్ని పట్టి తేవడం ఆయన పని. కొల్లిపర కాలవగట్ల నుంచి అడవులదీవి మడుగుల దాకా ఆయన చెయ్యి పెట్టని గుంట లేదు. బాలస్వామి బాపట్లలో రైలు దిగి గోనెసంచి మూతి విప్పితే కప్పలు ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబడి ఆయన వెంట నడిచేవని నేను అందరికీ చెబుతుంటాను. అందులో రైలూ గోనెసంచీ నిజం.

తర్వాత కప్పల్ని కోయడం ఆపేయమని ఆర్డరు వచ్చింది. కంప్యూటరులో బొమ్మ కప్పని కోసి చూపించడం మొదలుపెట్టారు. బాలస్వామి చివరి నాలుగేళ్లూ గాజు జాడీల మీద దుమ్ము తుడిచి రిటైరయ్యాడు.

మొన్న ఆగస్టులో ఆయన మనవరాలు బ్లెస్సీ బడి వెనక నిలిచిన వాననీళ్లలోంచి ఐదు తోకకప్పల్ని ఊరగాయ సీసాలో పట్టుకొచ్చింది. మూడో తరగతి పిల్ల. పది రోజుల్లో నాలుగు చచ్చిపోయాయి. నాలుగింటికీ పెరట్లో బెండమొక్కల పక్కన సమాధులు కట్టి, తాతయ్య చేత ప్రార్థన చేయించింది. ఐదోదానికి మాత్రం మొదట వెనక కాళ్లొచ్చాయి, తర్వాత ముందు కాళ్లొచ్చాయి. ఒక ఆదివారం వీళ్లు గుడి నుంచి వచ్చేసరికి అది నీళ్లలోంచి పైకొచ్చి సీసా గోడకి అతుక్కుని కూర్చుంది. చిటికెనవేలి గోరంత కప్ప. వెనకాల ఇంకా కాస్త తోక మిగిలింది.

బ్లెస్సీ దానికి సన్నీ అని పేరు పెట్టింది.

“దీన్ని కూడా పాతిపెట్టాలంటే నావల్ల కాదు తాతయ్యా. దీన్ని నువ్వు చావనివ్వవుగా?”

“నా చేతిలో కప్ప చావడమేంటే!” అన్నాడు బాలస్వామి. అనేశాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగి నా వంక చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మాట ఇచ్చాక పనిలోకి దిగాడు. అలవాటు ప్రకారం కప్పని మట్టి పిడతలో వేసి, మూతికి తడిగుడ్డ కట్టి, చీకటి మూలలో పెట్టాడు.

“తిండి?” అన్నాను.

“వారం దాకా అక్కర్లేదన్నయ్యా.”

“నీకెలా తెలుసు తమ్ముడూ?”

“లేబులో అంతేగా. కోతకి ముందు వారం ఏమీ పెట్టేవాళ్లం కాదు. పొట్ట శుభ్రంగా ఉండాలి.”

“వారం తర్వాత ఏం పెట్టేవాళ్లు?”

“తర్వాతేముంది, కోసేసే...” అని మధ్యలో ఆగిపోయాడు.

వేల కప్పలు ఆయన చేతుల మీదుగా వెళ్లాయి. ఒక్కదానికీ ఒక్క ముద్ద పెట్టలేదు. ఆ సంగతి ఆయనకీ నాకూ అప్పుడే తట్టింది.

కప్పని వెంటనే వెలుతురులోకి తెచ్చాడు. వెడల్పాటి గాజు జాడీలో తడి ఇసకా, ఎక్కి కూర్చోడానికి ఒక రాయీ పెట్టాడు. గుడ్డు సొన పెట్టాడు. అన్నం మెతుకు పెట్టాడు. ఎండురొయ్యల పొడి చల్లాడు. సన్నీ దేనివంకా చూడలేదు. దాని తోక మాత్రం రోజురోజుకీ చిన్నదవుతోంది.

“అది తన తోకని లోపల్నుంచి తింటోంది తాతయ్యా,” అంది బ్లెస్సీ.

“అంతే అయ్యుంటుంది.”

“అయిపోయాక?”

ఆయన మెతుకుని దాని ముందుకి ఇంకాస్త జరిపాడు. బుధవారానికి తోక పూర్తిగా పోయింది. శుక్రవారానికి కప్ప డొక్కలు లోపలికి పోయాయి.

అప్పుడు నేనొక తప్పు చేశాను. “మా కాన్వెంటులో సిస్టరుగారి దగ్గర ఒక కప్ప ఉండేదమ్మా. భోజనం ముందు ఇంగ్లీషులో ప్రార్థన చెబితేగానీ నోరు తెరిచేది కాదు,” అన్నాను. ఆ పిల్ల జాడీ ముందు మోకరించి, కళ్లు మూసుకుని, వచ్చిన ఇంగ్లీషంతా చెప్పింది. కళ్లు తెరిచి చూసింది. సొన అలాగే ఉంది.

“ఊరుకోండన్నయ్యా,” అన్నాడు బాలస్వామి మెల్లగా. “మీ కథలకి దాని కడుపు నిండదు.”

సిగ్గేసి నేను జాడీ దగ్గరే కూర్చుండిపోయాను. అప్పుడే సొన కోసం ఒక చీమ గాజు మీంచి లోపలికి దిగింది. సన్నీ ఒళ్లంతా చీమవైపు తిరిగింది. టక్కున నోట్లో వేసుకుంది, అంతే వేగంగా ఉమ్మేసింది.

“చూశారా!” బాలస్వామి లేచి నిలబడ్డాడు. “కదిలేదే తిండి దీనికి. కదలాలి, కుట్టకూడదు, గోరంత నోట్లో పట్టాలి.”

అలాంటివి ఎక్కడుంటాయో ఆయనే చెప్పాడు. ఇద్దరం బస్టాండు దగ్గర మహమూద్ అరటిపళ్ల బండి దగ్గరికి వెళ్లాం.

“బాగా మగ్గి నల్లబడినవి ఇవ్వు మహమూద్.”

“మంచివుండగా అవెందుకు బాబాయ్?”

“పళ్ల కోసం కాదురా, వాటి మీద ముసిరే సన్న ఈగల కోసం.”

“ఈగలా? మొత్తం పట్టుకుపో, పుణ్యముంటుంది. ఇంతకీ ఎవరికి?”

“మా సన్నీకి. వారం నుంచి ఏమీ తినట్లేదు.”

మహమూద్ కాసేపు మా ఇద్దరి మొహాలూ చూశాడు. “డాక్టరుకి చూపించండి బాబాయ్,” అన్నాడు జాలిగా.

పండుని చీల్చి సీసాలో వేసి బండి కింద పెట్టాం. అరగంటలో ఇరవై ఈగలు లోపలికి దూరాయి. మూతికి పల్చటి గుడ్డ కట్టి ఇంటికి తెచ్చి, వాటిని జాడీలోకి వదిలాం. ముగ్గురం చుట్టూ కూర్చున్నాం.

ఒక ఈగ రాయి మీద వాలి కాళ్లు రుద్దుకుంది. సన్నీ ముందుకి వంగింది. మొదటిసారి గురి తప్పింది. రెండోసారి ఈగ లేదు.

“తాతయ్యా! కళ్లు లోపలికి పోయాయి!” అని అరిచింది బ్లెస్సీ.

నిజమే. మింగుతున్నప్పుడు రెండు కళ్లూ తలలోకి కుంగిపోయి, మళ్లీ పైకి వచ్చాయి.

బాలస్వామి జాడీకి మొహం ఆనించాడు. “కంటిగుంట కింద ఎముక ఉండదన్నయ్యా దీనికి. కోసిన కప్ప నోట్లో అంగిటి మీద వేలు పెడితే మెత్తగా కన్ను తగిలేది. ప్రతి బ్యాచ్‌కీ చూపించేవాణ్ణి. ఎందుకలా ఉందో ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు.” ఉన్నట్టుండి, “కళ్లతో తోసుకుంటోంది! కళ్లతో మింగుతోంది!” అన్నాడు.

ఆయన ఊపిరికి గాజు మసకేసింది. చొక్కా అంచుతో తుడిచి మళ్లీ వంగాడు. రెండో ఈగ పోయింది, మూడోదీ పోయింది. నాలుగోదాన్ని నేను తుమ్మి చెడగొట్టాను.

తాతా మనవరాలూ కలిసి చూసిన చూపుకి నేను లేచి వెళ్లి వరండాలో కూర్చున్నాను. లోపల్నుంచి ఉండుండి బ్లెస్సీ చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి.