పెద్దమ్మ కొరికిన మామిడికాయ

మొన్న ఆదివారం మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో ఒక దెయ్యం సినిమా పెట్టి, "నానా, ఇది మన కొండల్లో తీసిందేనా?" అని అడిగింది. తెల్లదొరల కాలంనాటి కథ. కరువులో ఊళ్లను పస్తులుంచి చంపిన పెత్తందారు, అతన్ని వెంటాడే ఆడ దెయ్యం. చివర్లో అతను ఏడుస్తూ మామిడికాయ అందిస్తే ఆమె కొరుకుతుంది, అతని పాపం తీరుతుంది. జుట్టు విరబోసుకున్న ఆ దెయ్యం మా పెద్దమ్మ.

పన్నెండేళ్ల కిందట, అరకు పక్కన మా ఊళ్లోనే ఆ షూటింగ్ జరిగింది. నా చదువు ఐదో తరగతితో ఆగినా లెక్కలు సొంతంగా పట్టుబడ్డాయి కాబట్టి, వేషాలకు వచ్చినవాళ్ల తలలు లెక్కపెట్టే పని నాకిచ్చారు. పెద్దమ్మ ముప్పై ఒకటో తల. మొహానికి తెల్లరంగు పూశాక అద్దంలో చూసుకుని తనే జడుసుకుంది. మా దగ్గర మామిడి కొత్త పండగ చేసి, దేవతకు పెట్టందే ఎవరూ ఆ ఏటి కాయ నోట పెట్టరు. పండగకు ఇంకా పదకొండు రోజులుంది. ఇది మీ చెట్టుది కాదు, సాలూరు నుంచి తెచ్చిన కాయ, కొరికి ఉమ్మేస్తే చాలన్నారు సినిమావాళ్లు. పెద్దమ్మ సరేనంది. ఏడుసార్లు తీశారు. ఏడుసార్లూ కొరికింది. ఉమ్మింది మాత్రం ఆరుసార్లే.

ఆనాటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు. "తప్పు సేసినాన్రా. నా సేతి నీళ్లు ఇంకెవులు తాగుతారు? లెక్కెట్టినోడివి నువ్వే గదా, ఏడూ ఉమ్మీసినాదని సెప్పు" అంది. తప్పు లెక్క చెప్పడం నాకు రాదు. అలాగని ఆమెను వెలివేస్తే చూస్తూ ఊరుకోనూ లేను.

పండగనాటి పొద్దున్న అందరి ముందూ పూజారి తాత, ఏడుసార్లూ ఉమ్మేసిందా అని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ లేచింది.

"ఆడినడక్కు మావా. ఒకపాలి మింగీసినాను. పుల్లగుంది, నోరాగనేదు."

"దెయ్యానికి కూడా నోరూరినాదేటే!" అంది వెనక నుంచి వదిన. అందరూ నవ్వారు, తాత తప్ప.

"సాలూరు కాయైనా కాయే" అన్నాడు తాత. "ఈయేడు ఊరందరికీ నువ్వే కోసి పెట్టు. అందరూ తిన్నాక నువ్వు తిను."

అది శిక్షే అనుకున్నాం. దేవతకు పెట్టాక, మొదటి ముక్క తాత ఆమె చేతి నుంచే తీసుకుని నమిలాడు. అప్పుడు గానీ పెద్దమ్మకు ఏడుపు రాలేదు. నలభై మూడు ఇళ్లవాళ్లూ వరసగా వచ్చి చేయి చాపారు. చంటిపిల్లల పెదవులకు కూడా పులుపు తాకించింది. తన ముక్క నోట్లో పెట్టుకునేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. నేను కాలాన్ని ఎప్పుడూ రోజుల్లో, ఏళ్లలో లెక్కపెట్టేవాణ్ణి. ఆ ఒక్క పూట మాత్రం మనిషి తర్వాత మనిషిగా గడిచింది.